గీత కూడా పడని దెబ్బ

అత్తయ్యా,

మీ అబ్బాయిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. అంబులెన్సు కింద ఆగింది. మక్లూబా అన్నం దించేశాను, కాస్త ఆరాక పళ్లెంలోకి బోర్లించి పిల్లలకు పెట్టండి. పరామర్శకు వచ్చేవాళ్లను గుమ్మంలోంచే పంపేయండి.

మొన్న ఎడారి రోడ్డు మీద కారు బోల్తా పడినా ఒంటిమీద గీతైనా లేదని మిఠాయిలు పంచారు. వాంతులైతే "జడుసుకున్నాడు, పడుకోనీ" అన్నారు. అడిగిందే అడుగుతున్నాడంటే "వాడు చిన్నప్పట్నుంచీ అంతేలే" అని నవ్వారు. దెబ్బ తల లోపల తగిలిందని మనిద్దరికీ తట్టలేదు.

ఇందాక చూస్తే ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదిగా ఉంది. నా చెయ్యి పట్టుకుని, "చెల్లెమ్మా, మీరెవరి తాలూకు?" అన్నాడు. పేరు చెప్పాను. "మంచి పేరు" అన్నాడు.

అరీజ్

పిల్లలను పక్కింట్లో వదిలి త్వరగా రండి. మిమ్మల్నైనా గుర్తుపడతాడేమో.