కార్శి తోట పోలిక

లతీఫ్ గారికి,

అమెరికాలో సంప్రదాయవాదుల రాజకీయం ఎలా బలపడిందో మన బోధన్ కాలేజీలో ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. పిల్లలు ఇరవై ఏళ్లుగా ఆవలిస్తున్నారు. మీరు వచ్చి రెండేళ్లు కాలేదు, ఆ పాఠమే మీరు చెబుతుంటే కిటికీల దగ్గర నిలబడి వింటున్నారు.

నిరుడు మీరు మా నాన్న చెరకు తోటకు వచ్చినప్పుడు, నరికేసిన దుబ్బుల్లోంచి లేస్తున్న పిలకలు చూసి ఇదేమిటని అడిగారు. కార్శి తోట అంటారనీ, వేళ్లు బతికే ఉంటాయి గనుక మళ్లీ నాటక్కర్లేదనీ చెప్పింది నేనే. మీరు దాన్ని క్లాసుకు పట్టుకెళ్లారు. పందొమ్మిది వందల అరవై నాలుగు ఎన్నికల్లో ఆ సంప్రదాయవాదులు చిత్తుగా ఓడినా ఊరూరా వేళ్లు మిగిలాయనీ, ఎనభైలో గెలిచేనాటికి తోట నిలువెత్తు పెరిగిందనీ చెప్పారు. చెరకులో పుట్టి పెరిగిన నాకు ఆ పోలిక తట్టలేదు. నా కడుపుమంట అదే.

నిన్న క్లాసులో నేనూ ఆ పోలికే చెప్పాను. ముందు బెంచీలో ఖుష్బూ లేచి, "సార్, గిది లతీఫ్ సార్ చెప్పిండు గదా!" అంది.

"అవునమ్మా, ఆయనదే" అన్నాను. మా తోటను నా నోటితోనే మీకు రాసిచ్చినట్టయింది.

ఈ ఏడు కూడా చెరకు కొట్టేటప్పుడు రండి. కావలసినంత తినండి. దయచేసి ఏమీ అడగకండి.

మీ పక్క గది లెక్చరర్