ఎం మూలల్లో మొలిచిన ముళ్ళు

మంగళవారం, రాత్రి

సాయంత్రం ఆటో అప్పల్రాజు కంచరపాలెంలోని నా స్టిక్కర్ల షాపుకి వచ్చాడు. ఆటో వెనక అద్దానికి కూతురు మానస పేరు ఇంగ్లీషులో రేడియం స్టిక్కర్ కావాలన్నాడు. కంప్యూటర్లో అక్షరాల చుట్టూ లావుపాటి అవుట్‌లైన్ వేయగానే మొదటి అక్షరం ఎం మూలల్లోంచి ముళ్ళు పొడుచుకొచ్చాయి.

"ఇదేటి బావా, నా కూతురి పేరుకి కొమ్ములొచ్చీసినాయి!" అంటూ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మూలల్ని గుండ్రంగా మారిస్తే చాలు, ఒక్క క్లిక్కు. నాకు తెలుసు. అయినా చెయ్యలేదు. గీత సన్నం చేశాను, మళ్ళీ లావు చేశాను, రంగు మార్చాను. ఈలోగా అతను టీ తెప్పించాడు. మానస తన పేరు రాయడం నేర్చుకుని బియ్యం డబ్బా మీద కూడా గీసేసిందట. పార్టనర్ భాస్కర్ షాపు వదిలి వెళ్ళాక ఆ స్టూలు మీద ఎవరూ ఇంతసేపు కూర్చోలేదు.

చీకటి పడ్డాక లేచాడు. "పోన్లే బావా, నిదానంగా సెయ్యి. రేపొత్తాను."

ఆటో మలుపు తిరగగానే ఆ క్లిక్కు కొట్టాను. ముళ్ళు పోయాయి. ఎం నున్నగా, బుద్ధిగా నిలబడింది. బాగుంది. చూడమనడానికి పక్కన ఎవరూ లేరు.

ముళ్ళు మళ్ళీ తెప్పించి, అలాగే సేవ్ చేసి, షట్టర్ దించాను.