మా జేజి కళ్ళకు వారసురాలు

కర్నూలు జిల్లా, గిద్దలూరు తాలూకా, కొమరోలులో కాపురమున్న కీ.శే. ఎర్రయ్య భార్య పోలమ్మ, వయస్సు సుమారు డెబ్బై, నోటితో చెప్పి రాయించిన వీలునామా. నాకు చదువు లేదు, మతి ఉంది. మందలో ఏ పిల్ల ఏ తల్లిదో కళ్ళు మూసుకొని తడిమి చెప్పగలను. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టే మనిషి ఈ ఊళ్ళో ఇంకా పుట్టలేదు.

1. ముందు తప్పు, తర్వాత ఆస్తి. నా చిన్నకొడుకు ఓబులేసు పాము కరిచి పోయిన మూడో నెలలో అతని భార్య శ్రీశైలమ్మ ఆడపిల్లను కన్నది. బిడ్డవి పిల్లికళ్ళు. అవి మా ఇంట్లో ఎవరికీ లేవు, కోడలి పుట్టింట్లోనూ లేవు. నా కొడుకు బిడ్డ కాదని వీధిలో అరిచి, పచ్చి బాలింతను తర్లుపాడుకు, పుట్టింటికి తరిమినాను. ఆమె పరాయిది కాదు, మా అన్న పుల్లయ్య కూతురు. మేనరికమే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నది నేనే. "పోలీ, ఇవి మన జేజి కళ్ళే గదే, నాయన్ను కన్నతల్లివి! జేజి పోయినప్పుడు నువ్వు చంటిదానివి, నీకేం తెలుసు?" అని అన్న మొత్తుకున్నాడు. కూతురి పరువుకోసం అబద్ధమాడుతున్నాడనుకున్నాను. తొమ్మిదేళ్ళు ఆ గడప తొక్కలేదు.

2. మా గొర్రెలకాపరులం రెండేళ్ళకోసారి పొట్టేలును మారుస్తాము, తన కూతుళ్ళతోనే కలవకూడదని. పోయినేడు నేను మార్చలేదు. తెల్లపొట్టేలుకు, దాని కూతురైన తెల్లగొర్రెకు దోరపండు రంగులో ఎర్రటి దోరపిల్ల పుట్టింది. పక్కమంద పొట్టేలును తిడుతుంటే పశువుల డాక్టరు వరప్రసాదం నవ్వినాడు. "ఊరికే నింద వెయ్యొద్దవ్వా. ఆ రంగు రెండు పక్కలా దాక్కొని వచ్చి ఇక్కడ కలిసింది."

ఒంట్లో కంటికి కనబడని ప్రతి కణంలోనూ దారాలుంటాయట. మనిషికి నలభై ఆరు. సగం తల్లివి, సగం తండ్రివి. ఒక్కో దారం రెండు పేటల తాడులా మెలితిరిగి, మధ్యలో నిచ్చెనమెట్లు. ఆ మెట్ల వరసలోనే రంగూ రూపూ రాసి ఉంటాయట. ఒక పక్క రాత ఇంకో పక్క రాత కింద తరాలపాటు దాగి ఉండగలదట. రెండు పక్కలా దాగినదే వస్తే బయటపడుతుందట.

విని మా ఇంటి లెక్క వేసుకున్నాను. గొర్రెలకు కూడదన్నది మనుషులకు ముచ్చటపడి చేసినాను. జేజి రాత మా అన్న నుంచి కోడలికి, నా నుంచి కొడుక్కు చేరి, బిడ్డలో కలిసి బయటపడింది. తరిమింది నా నెత్తురునే.

అప్పటినుంచి కునుకు పడితే చాలు, నల్లమల అంచున మంచులో ఏదో నడుస్తుంటుంది. ముందు జేజి, వెనక నాయన, ఆ వెనక నేను. తాడు పేటలుగా విడిపోతుంది. విడిన ప్రతి పేటా తన జతను తానే ఏరుకొని మళ్ళీ తాడవుతుంది. పేనేవాళ్ళు లేరు, చప్పుడు లేదు. నా నల్లకళ్ళలోంచే ఆ తేనెరంగు చూపు నాకు తెలియకుండా దాటిపోయింది.

3. మా నాయన పసుపుకుంకుమల కింద నాకిచ్చిన ఆరెకరాల మెట్టలో మూడెకరాలు ఓబులేసు కూతురు అలివేలమ్మకు, మూడు నా పెద్దకొడుకు బాలయ్యకు. "గొర్రెల మాట విని భూమి రాస్తావా ఏందమ్మా?" అన్నావు బాలయ్యా. గొర్రెకు యాభై నాలుగు దారాలంట, మనకన్నా ఎక్కువే. కోర్టుకెక్కితే నీ మూడూ ఆ పిల్లకే.

4. మందలో సగం, దోరపిల్లతో సహా, అలివేలమ్మకు. దోరపిల్లను అమ్మరాదు, కొయ్యరాదు.

5. నా వెండికడియాలు శ్రీశైలమ్మకు. వాటితో నా తప్పు తీరదని తెలుసు. చివరిగుక్క నీళ్ళు నా నోట్లో పోస్తుందో లేదో ఆమె ఇష్టం. ఎవరూ ఒత్తిడి చేయరాదు.

6. వీలునామా చచ్చినాక విప్పుతారు. ఇది అట్ల కాదు. వచ్చే బుధవారం తర్లుపాడులో మా అన్న వాకిట, నేను నిలబడి ఉండగా, రాసిన కొండలరావే దీన్ని చదవాలి. తలుపు తీయకపోతే బయటినుంచే గట్టిగా చదవాలి. లోపల ఆ పిల్లకు వినబడేదాకా మళ్ళీ మళ్ళీ చదవాలి.

తేది 18 నవంబరు 1963.

పోలమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు: వరప్రసాదం, పశువుల డాక్టరు, రోశమ్మ, పక్కింటి మనిషి (వేలిముద్ర).

దస్తూరి: కొండలరావు.