ఒకే కార్డు, రెండు బొమ్మలు

ఆదివారం

నేను చెబుతుంటే మనవరాలు స్వప్న రాస్తోంది. ఇవాళ పత్తర్‌గట్టిలో, చవక బొమ్మల కార్డులతో ఒకరి జంతువులను ఇంకొకరు చంపే ఆటపోటీలో చివరి ఆటదాకా వెళ్లాను. గెలిస్తే కప్పు నాదే. నాకు చదువు రాదు. ఏ కార్డు ఏం చేస్తుందో బొమ్మను బట్టే గుర్తు. నా పులి కార్డును చంపే కార్డు మీద తేలు బొమ్మ ఉండాలి. నాకు ఎదురుగా ఆడుతున్న ఇమ్రాన్ బావి బొమ్మున్న కార్డు వేసి పులిని తీసేయమన్నాడు.

"ఏంది భాయ్, ముసలిదాన్నని మోసం జేస్తున్నవా?" అని లేచాను.

"నై అమ్మా, గదే కార్డు. మల్ల అచ్చేసినప్పుడు బొమ్మ మార్చిండ్రు, గంతే."

పోటీ నడిపే అమ్మాయి పాత తేలు కార్డు తెచ్చి, ఈ బావి కార్డు పక్కన పెట్టింది. పేర్ల మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చాను. ఒక్క వంపు కూడా తేడా లేదు. బొమ్మ మొత్తం మారినా పేరు కదల్లేదు! పులి పోయింది, కప్పూ పోయింది. అయినా చాలాసేపు ఆ అక్షరాలనే చూస్తూ కూర్చున్నాను.

నవ్వకుండా రాయి స్వప్నా: ఇవాళ నీ నాయనమ్మ ఒక పేరు చదివింది.