మరిట్ ఎవరంటే

ఓస్లో,
మార్చి 3

ప్రియమైన అమ్మకు,

నేనూ, నా దగ్గూ, కిటికీ కింద అరిచే ట్రామూ ఇక్కడ క్షేమం. మన లోఫోటెన్‌లో కాడ్ చేపలు ఎండడానికి దండేలకెక్కాయనీ, నీ మోకాలు కుదుటపడిందనీ తలుస్తాను.

పుస్తకం ఎలా ఉందని అడిగావు. పుస్తకాన్ని ఇక్కడ ఎవరడిగారమ్మా! మా ప్రచురణ సంస్థలో హెల్లె అనే ఆవిడ రచయితలకు ఫోన్లో పేజీ పెట్టుకుని బతకడం నేర్పుతుంది. "పుస్తకం కాదు, మొహం చూపించు. ఏడిస్తే మరీ మంచిది" అంది మొదటి రోజే. యాభై దాటిన నవలాకారుడొకాయన తన పుస్తకాన్ని పిల్లి నెత్తిన పెట్టి రోజుకో ఫొటో దించుతున్నాడు. ఇద్దరిలో సిగ్గున్నది పిల్లికే, మొహం తిప్పేసుకుంటుంది. నేను కొవ్వొత్తి, ఉన్ని మేజోళ్లు కొని వాటి మధ్య నా నవల పడుకోబెట్టాను. ఆరుగురు మెచ్చుకున్నారు, అందులో నువ్వొకతివి.

"ఎవరితోనైనా గొడవ పెట్టుకో, పుస్తకం అదే కదులుతుంది" అంది హెల్లె.

ఆ వారమే నా పేజీకి మరిట్ అనే ఆవిడ వచ్చింది. మూడో అధ్యాయంలో చేపల్ని జతలుగా తోకలు కలిపి కట్టకుండా విడివిడిగా వేలాడదీశాననీ, నేను లోఫోటెన్ మొహం చూసి ఎరగననీ అందరి ముందూ ఎండగట్టింది. నువ్వు ఊరుకున్నావా? దాని కిందే రాశావు: "ఏమే మరిట్, నా కూతురు మా ఊరి పిల్లలందరిలా ఎనిమిదేళ్లకే కాడ్ చేపల నాలుకలు కోసింది. నీకసలు చేపకి తోకెక్కడుంటుందో తెలుసా? మా వాకిట్లోకి రా, చూపిస్తా!" జనం ఎగబడ్డారు. నవల రెండో ముద్రణకు వెళ్లింది.

ఇప్పుడు నీ ఉత్తరం. "ఆ మరిట్ మన పక్కింటి బోర్గిల్డే. తోక ముడి సంగతి ఊళ్లోవాళ్లకి గాక ఇంకెవరికి పడుతుంది? నలభై ఏళ్లు దాని చేతి వాఫుల్ అట్లు తిన్నాను, ఇంక ఆ గడప తొక్కను" అని రాశావు. మూడుసార్లు చదివాను.

అమ్మా, ఆ మరిట్ నేనే, అది నా దొంగ పేరు. ఆ తప్పు అచ్చయ్యాక నా కళ్లకే పడింది, దాన్నే సరుకు చేసుకున్నాను. నువ్వు నాకోసం పోట్లాడుతుంటే కూర్చుని చూశాను. ఆ పిల్లి నయం.

పేజీలో నిజం రాసేద్దామని నిన్న హెల్లెకి చెప్పాను. ఆవిడ కళ్లు మెరిశాయి. "అబ్బ, బంగారం! ఏడుస్తూ చెప్పు, మూడో ముద్రణ ఖాయం!" అంది. అందుకే అక్కడ రాయలేదు. మరిట్‌ని చెరిపేసి ఈ కాగితం తీసుకున్నాను. ఇది పట్టుకుని బోర్గిల్డ్ పిన్ని గడప తొక్కు. ఆవిడకి గట్టిగా చదివి వినిపించు. నన్ను తిడుతూ ఇద్దరూ కలిసి జవాబు రాయండి. అది ఎవరికీ చూపించను.

ఇట్లు,
నీ కూతురు
తోరున్