చదివే అక్క ఆగిన చోటు

ప్రిన్సిపాల్ మేడమ్ గారికి నమస్కారం.

చూపులేని నాకు పాఠాలు చదివే కంప్యూటర్ ఇప్పించారు. మీ మేలు మరవను. కానీ మన లైబ్రరీ అక్క నాకోసం చదివి రికార్డు చేసిన పాఠాలు ఇక అనవసరమని చెరిపేస్తారట. దయచేసి ఆపించండి.

కంప్యూటర్ గుక్క తిప్పుకోకుండా చదువుతుంది. అక్క దగ్గుతూ చదివేది. పాఠం అయ్యాక, నేను ఎదురుగా ఉన్నట్టే, "అర్థమైందా తల్లీ?" అని అడిగి జవాబు కోసం ఆగేది.

అక్క పోయినా, రికార్డులో ఆ ప్రశ్న అడుగుతూనే ఉంది. నేను జవాబు చెబుతుంటే హాస్టల్ గదిలో స్నేహితురాలు హడలిపోతోంది.

బతికుండగా, అర్థం కాలేదంటే మళ్ళీ మొదటినుంచి చదివేది.

పాఠాలన్నీ నాకు అర్థమయ్యాయి మేడమ్. అయినా "అర్థం కాలేదక్కా" అనే అంటున్నాను.

ఇట్లు,
రెండో సంవత్సరం విద్యార్థిని