పాల వరుసలో మొదటి ఇల్లు

జూన్ 9

ఐదు దాటగానే తలుపు దగ్గర క్యాన్ మూత చప్పుడు. ఇవాళ మొదట మాకే. పక్కనుంచి సుజాత లేచి గిన్నె తీసుకుని వెళ్లినట్టే ఉంది. తర్వాత నేనే లేచి గిన్నె తీసుకున్నాను.

సాయంత్రం మల్లేశ్ ఫోన్. సుజాత తమ్ముడు, పాలు పోసేది అతనే. “బావా, అక్క నీతోని రాపిచ్చిన లిస్టు పిచ్చిపిచ్చిగ చేస్తున్నది. నిన్న మొఘల్‌పురా పసిబిడ్డ ఇల్లు ముందు, ఇయ్యాల మీది ముందు. ఆ తల్లి ఏమంటదో ఎర్కనా? ‘మల్లేశ్ భాయ్, ఇది పాలు పోసే టైమా, పెరుగు తోడేసే టైమా?’ అని.”

జూన్ 10

హాస్కెల్‌లో రాసిన పాల లిస్టు ప్రోగ్రాం ఫైలు తెరిచాను. ఏడు నెలల తర్వాత.

రెండు ఇళ్లు ఇస్తే ఏది ముందో చెప్పే ఫంక్షన్. పన్నెండు వరుసలు. సుజాత చిక్కుడుకాయలు తుంచుతూ చెప్పింది, నేను టైపు చేశాను. పసిబిడ్డ ఉన్న ఇల్లు అందరికన్నా ముందు. చావు జరిగిన ఇల్లు అందరికన్నా ముందు — “తెల్లారంగనే మంది వస్తరు, చాయ్ పెట్టాలె గద.” మిగతావి గల్లీ వరుస.

రెండూ అందరికన్నా ముందు... ఇద్దరికీ తట్టలేదు.

జూన్ 11

టెస్టు రాశాను. ఒకటే నియమం — ఇది ముందు, అది వెనుక అని తేలితే, తిప్పి అడిగినా అదే జవాబు రావాలి. కల్పిత ఇళ్ల జంటలు వంద. మూడో జంటకే ఆగింది. ఒక పసిబిడ్డ ఇల్లు, ఒక చావు ఇల్లు. ఎవరిని ముందు అడిగితే వాళ్లే ముందు.

అసలు లిస్టు చూశాను. చావు గుర్తు ఒక్క ఇంటికే ఉంది.

మాకు.

జూన్ 12

మల్లేశ్ వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు.

“మీ ఇంటి గుర్తు నాకెర్కనే బావా. తీసెయ్యమని ఎవలింటికి వాళ్లే చెప్తరు, మనం అడగొద్దు అన్నది అక్క.”

“ఏడు నెలలైంది గద మల్లేశ్.”

“నువ్వు చెప్పకపోతివి.”

చాయ్ పెట్టాను. తాగకుండానే లేచాడు.

జూన్ 13

పసిబిడ్డే ముందు. ఒక్క వరుస మార్చాను. వంద జంటలూ పాస్.

గుర్తు ఇకనుంచి పదకొండో రోజుకు దానంతట అదే పోవాలి. దానికి చావు తేదీ కావాలి. తేదీ లేకపోతే? ‘గుర్తు ఉంటుంది’ అని రాశాను. చెయ్యి ఆగకుండా రాసేసింది. దానికీ టెస్టు రాశాను. అదీ పాస్.

జూన్ 14

మల్లేశ్ మొఘల్‌పురా పోయి వచ్చేసరికి పావు తక్కువ ఆరు. రెండో ఇల్లు మాది. అప్పటిదాకా గోడవైపు తిరిగే పడుకున్నాను. వెనక మంచం ఒకసారి కిర్రుమంది.

జూన్ 15

మా ఇంటి వివరాలు తెరిచాను. తేదీ గడి ఖాళీ. నింపితే మా ఇల్లు గల్లీ వరుసలోకి పోతుంది. ముప్పై నాలుగోది.

మల్లేశ్ మెసేజ్ — “నువ్వు జెప్పినప్పుడే బావా. తొందరేం లేదు.”

నవంబరు అని కొట్టాను. రోజు అడుగుతోంది.